దేశ భద్రత మన ఇంటి విషయమే

(కొత్తపట్నంలో మైనారిటీల హక్కులపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

దేశ రక్షణ, అంతర్గత భద్రతల విషయంలో చట్టసభల సభ్యుల ముందున్న సమస్యలను గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు కోరినప్పుడు మేము కొంత సంకోచించాము. ఈ మాట ఎత్తగానే మన ఇండ్లలో సాధారణంగా రెండు రకాల స్పందన వస్తుంది. మొదటిది, "మనకెందుకు వచ్చిన గొడవ, ఊరుకోండి" అనడం. రెండవది, ఎవరో నిలదీసినట్లుగా మన దేశభక్తికి సాక్ష్యాలు వల్లించడం. నౌషేరాను రక్షించి, 1948లో ఝంగర్ వద్ద అమరుడైన బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్ పేరు, 1965 యుద్ధంలో పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్ పేరు వెంటనే మన నోట వస్తాయి. ఆ మహనీయులకు మా శిరస్సు వంచి నమస్కరిస్తున్నాము. అయితే వారు ప్రాణమిచ్చినది దేశం కోసం. మన యోగ్యతా పత్రంపై సంతకం చేయడానికి కాదు. పౌరుడు తన పౌరసత్వానికి దినదినమూ సాక్షులను పిలువనవసరం లేదు.

కనుక ఆ రెండు దారులనూ విడిచి మూడవ దారిలో మాట్లాడదలచాము. దేశ భద్రత మన ఇంటి విషయం. ఇంటికి తాళం సరిగా పడుతున్నదో లేదో చూసుకొనే హక్కు, సరిగా పడకపోతే అడిగే హక్కు ఇంటివారందరికీ సమానంగా ఉంటాయి.

ఈ తీరం చెప్పే మాట

మనం కూర్చున్న ఈ ఊరు సముద్రపు ఒడ్డున ఉన్నది. 2008 నవంబరు 26న ముంబయిపై దాడి చేసినవారు సముద్రం మీదుగానే వచ్చారు. గుజరాత్ తీరపు 'కుబేర్' అనే చేపల పడవను దారిలో చేజిక్కించుకొని, అందులోని వారిని చంపివేశారు. అంటే ఆ దాడిలో మొట్టమొదట బలి అయినవారు మత్స్యకారులు. తరువాత దేశమంతటా తీర భద్రత రూపు మారింది. మెరైన్ పోలీసు స్టేషన్లు, పడవల రిజిస్ట్రేషన్, మత్స్యకారులకు గుర్తింపు కార్డులు వచ్చాయి. తీర రక్షణను పరీక్షించే 'సాగర్ కవచ్', 'సీ విజిల్' విన్యాసాలు జరుగుతున్నాయి. కొత్త పడవను ముందుగా చూసేది రాడార్ కంటే వల వేసేవాడే అని అధికారులే గుర్తించారు. సామాన్యుణ్ణి నమ్మి, అతనిని కలుపుకొన్నప్పుడే కాపలా బలపడుతుంది. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. ఈ ప్రసంగమంతా దానిపైనే ఆధారపడి ఉన్నది.

ఇక అనుమానం మనిషిని ఏమి చేస్తుందో కూడా ఈ తీరానికి తెలుసు. ఉత్తరాంధ్ర నుండి గుజరాత్‌కు వలస వెళ్లి అక్కడి పడవలపై పనిచేస్తున్న మన తెలుగు మత్స్యకారులను 2018లో పాకిస్తాన్ పట్టుకొన్నది. నీటిపై గీత కనబడదు. గాలికి గీత దాటిన పేదవాడు అవతలి దేశానికి అనుమానితుడైపోయాడు. ఏడాదికి పైగా చెరలో ఉన్న తరువాత, 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు దాటి తిరిగి వచ్చారు. అపరాధం చేయనివాడు అనుమానం మీద చెరలో ఉంటే అతని ఇల్లాలు, పిల్లలు ఎలా బ్రతుకుతారో ఆ కుటుంబాలను అడిగితే తెలుస్తుంది. మతం వేరు కావచ్చును, ఆ దుఃఖానికి మతం లేదు.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. మతం అడిగి మరీ చంపారు. మృతులలో మన పొరుగునున్న కావలికి చెందినవారు ఒకరు, విశాఖవాసి ఒకరు ఉన్నారు. యాత్రికులను గుర్రాలపై తిప్పి పొట్టపోసుకొనే స్థానిక ముస్లిం ఒకరు కూడా ఆ తూటాలకే నేలకొరిగారు. ఆ తరువాతి ఘర్షణలో సరిహద్దు వద్ద మన గోరంట్ల ప్రాంతపు అగ్నివీరుడు ప్రాణం కోల్పోయాడు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం ప్రకారం సేవాకాలం నాలుగు సంవత్సరాలు. ఆపై కొనసాగేది 25 శాతం మంది మాత్రమే. మిగిలినవారి భవిష్యత్తు ఏమిటన్నది చట్టసభ తేల్చవలసిన మరొక ప్రశ్న.

ఇదంతా చెప్పడానికి కారణమున్నది. ఉగ్రవాదం కల్పన కాదు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ వద్ద, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలిన బాంబులు నిజమైనవి. అమాయకుని రక్తం చిందించడం మన ధర్మంలో మహాపాపం. ఈ మాటను గొణుగుతూ కాదు, గొంతెత్తి చెప్పవలసి ఉన్నది. అది చెప్పిన తరువాతనే చట్టాల సంగతి మాట్లాడే అర్హత మనకు వస్తుంది.

1937లో ఇదే ఊరిలో

చట్టాల సంగతికి పోయేముందు ఈ ఊరి చరిత్రలోని ఒక ఘట్టాన్ని స్మరించుకొందాము. 1937 వేసవిలో, ఒంగోలు తాలూకా ఇంకా గుంటూరు జిల్లాలో ఉన్న రోజులలో, ఇదే కొత్తపట్నంలో ఒక రాజకీయ, ఆర్థిక పాఠశాల పెట్టారు. ఆంధ్ర దేశం నలుమూలల నుండి యువకులు వచ్చారు. వారి చేతులలో ఉన్నవి పుస్తకాలు. వారు చర్చించినవి రైతు అప్పులు, కూలి రేట్లు, స్వరాజ్యం. అప్పటికి రాజాజీ మంత్రివర్గం ఇంకా రాలేదు. కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారి తాత్కాలిక మంత్రివర్గం మద్రాసులో అధికారంలో ఉన్నది. ప్రభుత్వం ఆ పాఠశాలను నిషేధించింది. యువకులు నిషేధాన్ని ధిక్కరించారు. లాఠీలు విరిగాయి, అరెస్టులు జరిగాయి.

ఆ ప్రభుత్వం దృష్టిలో వారు శాంతిభద్రతలకు ప్రమాదకారులు. చరిత్ర ఏమి తేల్చింది? 1934లోనే నిషేధానికి గురైన కమ్యూనిస్టు పార్టీవారు, 1952 ఎన్నికల తరువాత మద్రాసు శాసనసభలో బలమైన ప్రతిపక్షంగా కూర్చున్నారు. ఒకనాటి "ప్రమాదకారి" మరొకనాటి శాసనకర్త అయ్యాడు. వారి రాజకీయాలతో మనం ఏకీభవించనక్కరలేదు. ప్రభుత్వం ఎవరినైనా ప్రమాదకారి అన్నంత మాత్రాన అది నిజమైపోదని, ఆ మాటను పరీక్షించే అధికారం మరొకరి చేతిలో ఉండాలని ఈ ఇసుక నేల మనకు నేర్పిన పాఠం.

చట్టాలు వచ్చిన దారి

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఇటువంటి చట్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. రాజ్యాంగం అమలులోకి వచ్చిన నెల రోజులకే, 1950 ఫిబ్రవరిలో, ముందస్తు నిర్బంధ చట్టం వచ్చింది. 1971లో మీసా, 1980లో జాతీయ భద్రతా చట్టం, 1985లో టాడా, 2002లో పోటా వచ్చాయి. పోటా కోసం పార్లమెంటు ఉభయ సభలు సంయుక్తంగా సమావేశం కావలసి వచ్చింది.

ఇందులో ఒక సూక్ష్మం గమనించండి. టాడాకు గడువు ఉన్నది. పోటాకు కూడా గడువు ఉన్నది. పొడిగించాలంటే పార్లమెంటు మళ్లీ ఆలోచించవలసి వచ్చేది. 1995 ఫిబ్రవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ అధ్యక్షులు జస్టిస్ రంగనాథ మిశ్రా పార్లమెంటు సభ్యులందరికీ లేఖ వ్రాసి టాడాను పొడిగించవద్దని కోరారు. ఆ మే నెలలో దాని గడువు తీరిపోయింది, పొడిగింపు రాలేదు. లేఖ వ్రాస్తే ఏమవుతుందని నిట్టూర్చేవారు దీనిని మరువరాదు. పోటాను 2004లో రద్దు చేశారు. అయితే అందులోని ముఖ్య నిబంధనలు కొన్ని అదే సంవత్సరం మరొక పాత చట్టంలోకి మారాయి. అదే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, 1967. అందరూ 'ఊపా' అంటున్నది దానినే. దానికి గడువు లేదు. పునరాలోచించవలసిన రోజు అంటూ ఏదీ అందులో వ్రాసి లేదు.

ముంబయి దాడి తరువాత 2008లో దానిని మరింత కఠినం చేశారు. సాధారణ చట్టంలో అభియోగ పత్రానికి 60 లేక 90 రోజులు గడువైతే, ఇందులో 180 రోజుల వరకు పొడిగించవచ్చును. ఆరోపణ ప్రాథమికంగా నిజమని నమ్మడానికి ఆధారమున్నదని న్యాయస్థానం భావిస్తే బెయిలు ఇవ్వరాదు. 2019లో సంస్థలనే కాక వ్యక్తులను కూడా ఉగ్రవాదులుగా ప్రకటించే అధికారం కేంద్రానికి ఇచ్చారు. విచారణ జరిగి శిక్ష పడనక్కరలేదు. ఆ సవరణకు లోక్‌సభలో అనుకూలంగా 287, వ్యతిరేకంగా 8 ఓట్లు పడ్డాయి. రాజ్యసభలో 147, 42. సెలెక్ట్ కమిటీకి పంపాలన్న కోరిక వీగిపోయింది. ఇంత బరువైన అధికారంపై ఇంత తొందర అవసరమా అన్నదే మా ప్రశ్న.

ఫలితం సంగతి ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. 2016 నుండి 2020 వరకు ఈ చట్టం క్రింద 5,027 కేసులలో 24,134 మంది నిందితులయ్యారు. ఆ కాలంలో శిక్ష పడినవారు 212 మంది, నిర్దోషులుగా బయటపడినవారు 386 మంది. మిగిలిన వేలమంది నిందితులుగానే ఉండిపోయారు. నేరం రుజువు కాలేదు, నిర్దోషిత్వమూ తేలలేదు. తీర్పుకు ముందే గడిచిపోయే ఆ సంవత్సరాలే అసలు శిక్షగా మారుతున్నాయి.

మక్కా మసీదు: రెండు వైపులా ఓడిన న్యాయం

2007 మే 18, శుక్రవారం. హైదరాబాదు మక్కా మసీదులో జుమా వేళ బాంబు పేలి తొమ్మిది మంది మరణించారు. వెనువెంటనే జరిగిన పోలీసు కాల్పులలో మరి ఐదుగురు పోయారు. నమాజుకు వెళ్లినవారే చనిపోయారు. ఆ తరువాత అనుమానం ఎవరిపై పడింది? పాతబస్తీలోని ముస్లిం యువకులపైననే. పలువురిని నిర్బంధించారు. హింసించారన్న ఫిర్యాదులపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ ఒక న్యాయవాదిని నియమించి విచారణ జరిపించింది. ఆ ఫిర్యాదులలో నిజమున్నదని ఆయన నివేదించారు. యువకులు కోర్టులలో నిర్దోషులుగా బయటపడ్డారు.

అటు పిమ్మట ప్రభుత్వం తప్పును కొంత దిద్దుకోజూసింది. కొందరికి 3 లక్షల రూపాయల చొప్పున, మరికొందరికి 20 వేల చొప్పున పరిహారం ఇచ్చింది. నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారానికి హక్కు రాదంటూ 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కోర్టును మేము తప్పుబట్టడం లేదు. కోర్టు చట్టాన్ని చూస్తుంది. అటువంటి పరిహారానికి ఆధారమైన చట్టమే మన దేశంలో లేదు. ఆ లోటు న్యాయమూర్తిది కాదు, శాసనకర్తది.

కథ అక్కడ ముగియలేదు. దర్యాప్తు చేతులు మారింది, నిందితులు మారారు. 2018 ఏప్రిల్ 16న ఆ రెండవ జట్టులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ ఎన్ఐఏ ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడుదల చేసింది. చివరికి లెక్క ఏమి తేలింది? చనిపోయినవారు నిజం, జైలుకు వెళ్లినవారు నిజం. నేరస్థుడు మాత్రం కాగితంపై లేడు.

సోదరులారా, ఈ సభలో మేము చెప్పదలచిన అసలు మాట ఇదే. తప్పు మనిషిని పట్టుకొన్న రోజున పోలీసులు ఒక నిర్దోషికి అన్యాయం చేయడమే కాదు, అసలు దోషికి పారిపోయే సమయం ఇస్తున్నారు. మొదటి నెలలలో దొరకవలసిన ఆధారాలు చెరిగిపోతాయి, సాక్షుల జ్ఞాపకం మసకబారుతుంది. నిర్దోషికి రక్షణ కల్పించడం దేశ రక్షణకు అడ్డు కాదు, అందులో ఒక భాగం.

గాంధీనగర్‌లోని అక్షర్‌ధామ్ ఆలయంపై 2002లో జరిగిన ఘోరమైన దాడి కేసు కూడా ఇదే చెబుతుంది. పోటా క్రింద శిక్షపడిన ఆరుగురిని 2014 మే 16న సుప్రీంకోర్టు నిర్దోషులని ప్రకటించింది. వారిలో మరణశిక్ష పడినవారు కూడా ఉన్నారు. దర్యాప్తు తీరుపై కోర్టు తీవ్ర అసంతృప్తి తెలిపింది. అయినా వారి యౌవనం ఎవరు తిరిగి ఇస్తారు? అక్షర్‌ధామ్‌లో ప్రాణాలు కోల్పోయిన భక్తుల కుటుంబాలకు ఎవరు జవాబు చెబుతారు? బాధితుని కన్నీరు, నిర్దోషి కన్నీరు వేర్వేరు పక్షాలవి కావు. రెండింటికీ కారణం ఒక్కటే, సరిగా జరగని దర్యాప్తు.

చట్టసభల సభ్యులను అడుగవలసినవి

మేము జీవితమంతా దస్త్రాల మధ్య గడిపినవారము. ఆవేశంతో వ్రాసిన అర్జీ అడుగునకు పోతుంది, అంశాల వారీగా వ్రాసినదానిపై సంతకం పడుతుంది. అందుకే అయిదు అంశాలు మనవి చేస్తున్నాము.

ఒకటి. ప్రతి భద్రతా చట్టానికి గడువు ఉండాలి. మూడేండ్లకో అయిదేండ్లకో పార్లమెంటు దాని ఫలితాలను చూసి మళ్లీ ఓటు వేయాలి. మంచి చట్టమైతే ఆ పరీక్షకు భయపడనవసరం లేదు.

రెండు. విచారణకు కాలపరిమితి కావాలి. విచారణ అంతులేకుండా సాగినప్పుడు ఊపా క్రింద కూడా బెయిలు ఇవ్వవచ్చునని 2021 ఫిబ్రవరిలో నజీబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి పేదవాడూ సుప్రీంకోర్టు వరకు పోలేడు. ఆ సూత్రాన్ని చట్టంలోనే వ్రాయాలి.

మూడు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 113వ సెక్షన్‌లో కూడా ఉగ్రవాద నేరం చేరింది. ఒక కేసును దాని క్రింద నమోదు చేయాలా, ఊపా క్రిందనా అన్నది ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి నిర్ణయిస్తారు. ఊపాలో విచారణకు ముందు ప్రభుత్వ అనుమతి, స్వతంత్ర సమీక్ష అనే మెట్లు ఉన్నాయి. కొత్త సెక్షన్‌లో ఆ మెట్లు లేవు. బెయిలు విషయంలో మాత్రం ఊపాయే కఠినం. ఒకే పనికి రెండు దారులున్నప్పుడు ఏ దారి ఎందుకు ఎంచుకొన్నారో అధికారి లిఖితపూర్వకంగా కారణం చెప్పాలని నిబంధన ఉండాలి.

నాలుగు. అన్యాయంగా నిర్బంధింపబడినవారికి పరిహారం, పునరావాసం హక్కుగా లభించే చట్టం కావాలి. అది ముస్లింల కోసం కాదు. అడవిలోని గిరిజనునికి, గీత దాటిన మత్స్యకారునికి, పేదవాడైన ప్రతివానికి పనికివస్తుంది.

అయిదు. నిఘా సంస్థలు పార్లమెంటుకు జవాబుదారీ కావాలి. 1994 నుండి బ్రిటన్‌లో వాటిని పర్యవేక్షించే పార్లమెంటు సభ్యుల సంఘం ఉన్నది. మన లోక్‌సభలో 2011లో మనీష్ తివారీ ఇందుకోసం ఒక ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. రహస్యాలు బయటపెట్టమని ఎవరూ అడగడం లేదు. తప్పు జరిగినప్పుడు తలుపులు మూసుకొని అయినా సరే, ప్రజాప్రతినిధులు అడిగే వీలుండాలి.

మనం చేయవలసినవి

ఇక మన ఇంటి పనుల సంగతి. ముందుగా కాగితాలు. మన పిల్లవాని పేరు ఆధార్‌లో "షేక్ మస్తాన్‌వలి", పదవ తరగతి సర్టిఫికెట్‌లో "మస్తాన్ వలీ ఎస్.కె.", ఓటరు జాబితాలో "మస్తాన్" అని ఉంటుంది. సేవాపనిలో భాగంగా మా వద్దకు వచ్చిన ఒక యువకుని పాస్‌పోర్టు, పేరు పోలిక వల్ల నెలల తరబడి ఆగిపోయింది. గల్ఫ్‌లో వచ్చిన ఉద్యోగం చేజారింది. అతను చేసిన తప్పేమీ లేదు. అయితే మూడు కాగితాలలో మూడు పేర్లు ఉండనివ్వడం తల్లిదండ్రులుగా మన అలసత్వం. ఈ పని ఈ నెలలోనే చేయండి.

రెండవది, హక్కులు తెలుసుకోండి. అరెస్టు చేసినవారు కారణాలు తెలపాలని, న్యాయవాదిని సంప్రదించనివ్వాలని, 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలపాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. ఊపా కేసులలో కూడా కారణాలు వ్రాతపూర్వకంగా ఇవ్వాలని 2024 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నది. ఒంగోలులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. దళారీని ఆశ్రయించవద్దు, సంతకం లేని కాగితాన్ని నమ్మవద్దు, చదవని కాగితంపై సంతకం చేయవద్దు.

మూడవది, మన నాలుకను, మన చేతిలోని ఫోన్‌ను అదుపులో పెట్టుకొందాము. వచ్చిన వార్తను విచారించి గాని నమ్మరాదన్నది మన ధర్మం నేర్పిన క్రమశిక్షణ. రాత్రి పన్నెండు గంటలకు ఎవరో పంపిన వీడియోను పది గ్రూపులకు పంపే యువకుడు, తెల్లవారేసరికి తన తల్లిని స్టేషన్ మెట్లపై కూర్చోబెట్టగలడు. ద్వేషం నూరిపోసేవాడు మన భాషలోనే మాట్లాడినా, మన వేషంలోనే వచ్చినా, అతనిని మసీదు అరుగుపై కూర్చోనివ్వవద్దు. నిజంగా ప్రమాదం కనబడితే పోలీసులకు తెలపడం మన బాధ్యత. ముందు చెప్పిన తీర రక్షణ సూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది. ప్రజలు నమ్మి చెప్పే సమాచారమే గట్టి కాపలా. ఆ నమ్మకం కలగాలంటే, చెప్పడానికి వెళ్లినవానినే అనుమానితునిగా కూర్చోబెట్టరాదు. పోలీసు మిత్రులకు ఇది మా సవినయ మనవి.

చివరిగా ఒక మాట. ఈ అయిదు అంశాలతో ఒక వినతిపత్రం సిద్ధంగా ఉన్నది. ద్వారం వద్ద బల్లపై పెట్టారు. అది ఒక్క మన సంఘం పేరిట పోకూడదని మా కోరిక. మత్స్యకార సోదరుల సంతకాలు, దళిత సోదరుల సంతకాలు, పొగాకు, మిర్చి రైతుల సంతకాలు కూడా దానిపై ఉండాలి. మన పార్లమెంటు సభ్యునికి, శాసనసభ్యునికి స్వయంగా అందజేసి, రసీదు తీసుకొందాము. మూడు నెలలకు జవాబు రాకపోతే మళ్లీ వెళదాము. దస్త్రం కదిలేది గుర్తుచేసేవాడు ఉన్నప్పుడే. ఇది మాకు ఉద్యోగం నేర్పిన విద్య.

1937లో ఈ ఊరికి వచ్చిన యువకులు నిషేధం చూసి వెనుదిరగలేదు. మన పని వారి పని కంటే సులువు. మనకు రాజ్యాంగం ఉన్నది, ఓటు ఉన్నది, ఈ పత్రిక ఉన్నది. లేనిది ఒక్కటే, అడిగే అలవాటు. దానిని ఈ రోజు మొదలుపెడదాము.

 అల్లాహ్ మనందరికీ న్యాయంపై నిలిచే ధైర్యాన్ని ప్రసాదించుగాక. జై హింద్. వస్సలామ్.